నలుబది దాటిన తల్లులు పడకుండ నిలుచుటను గూర్చి
(కోవూరు స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



స్త్రీల మైత్రి కార్యదర్శిగారు ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని అడిగినప్పుడు, మేము షుగరు జబ్బును గూర్చియో, బి.పి.ని గూర్చియో మాట్లాడుదుమని అనుకొనియుందురు. వాటిని గూర్చి చెప్పువారు చాలమంది ఉన్నారు. మేము పడిపోవుటను గూర్చి మాట్లాడదలచినాము. ఆత్మీయముగా పడిపోవుట కాదు. అది ఆదివారపు సంగతి. బాత్రూములో, వాకిట్లో, మెట్ల మీద కాలు జారి నిజముగా పడిపోవుట.

మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు వ్యాకరణము నేర్పిరి గాని తుంటి ఎముక ఎట్లు విరుగునో నేర్పలేదు. రోగులను దర్శించుటకు ఇండ్లకు తిరిగి తిరిగి ఆ సంగతి కండ్లతో చూచినాము. చూచిన తరువాత వైద్యులను అడిగినాము, చదివినాము. తెలుసుకొన్నది మీ ముందు ఉంచుచున్నాము.

కోవూరులో గాని, పెన్న దాటి నెల్లూరులో గాని, మంచము పట్టిన పెద్దమ్మను చూడబోయి "ఏమి జరిగినదమ్మా?" అని అడిగినచో, తరచుగా వినబడు జవాబు ఒక్కటే: "ఏముందయ్యగారా, కాలు జారింది, అంతే." ఆ "అంతే" అన్నమాట వెనుక ఎంత ఉన్నదో ఆ ఇంటివారికి తెలియును. ఆపరేషనుకు బంగారము కుదువ పెట్టినారు. చూచుకొనుటకు కూతురు పని మానుకొన్నది. ఆరునెలలు గడిచినా ఆ తల్లి గడప దాటలేదు. అనేక దేశముల లెక్కలు చూచినచో, తుంటి విరిగిన వృద్ధులలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరుగకమునుపే చనిపోవుచున్నారు. బ్రదికినవారిలో చాలమంది మునుపటివలె నడువలేకపోవుచున్నారు. పడిపోవుటవలన ప్రపంచములో ఏటేటా 6,84,000 మంది చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పినది. ప్రమాదవశమున కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. రోడ్డు ప్రమాదమునకు పోలీసులు వత్తురు, పత్రికలో పడును. బాత్రూములో పడిన అమ్మను గూర్చి ఎవరును వ్రాయరు.

ఇది స్త్రీల కూడికలోనే ఏల చెప్పవలెను? మగవారు పడరా? పడుదురు. ఏలీ యాజకుడు తొంభై ఎనిమిదేండ్ల వయస్సున పీఠము మీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయెనని మీరందరు చదివినదే. కాని పడినప్పుడు ఎముక విరుగుట ఆడవారికి ఎక్కువ. కారణము ముట్లు ఆగిపోవుట. ఈ మాట గుడిలో పలుకవచ్చునా అని ఒకరిద్దరు ముఖములు చూచుకొనుచున్నారు. లేవీయకాండములో మోషే ఏ సంకోచము లేక వ్రాసినదానిని మేము పలుకుటలో తప్పులేదు.

స్త్రీ శరీరములో అండాశయముల నుండి ఈస్ట్రోజెన్ అను రసము ఊరును. ఎముకను కాపాడు పనులలో పెద్ద పని దానిదే. ఎముక రాయి వంటిది కాదు. ప్రతిదినము కొంత కరగుచు, కొంత క్రొత్తగా కట్టబడుచు ఉండును. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు కరగుట ఎక్కువై, కట్టుట వెనుకబడును. ముట్లు ఆగిన మొదటి అయిదారు ఏండ్లలో ఈ నష్టము మిక్కిలి వేగముగా జరుగును. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. చేతిని ఆనించి పడినప్పుడు మణికట్టు విరిగితే అప్పుడు బయటపడును. లేక బిందె ఎత్తినప్పుడు వెన్నుపూస నలిగి, నడుము నొప్పియని అమృతాంజనము రాసుకొందురు. ఏడాదికి ఏడాదికి ఎత్తు తగ్గి, వీపు వంగును. అదే వయస్సులో తొడల కండరములు సన్నబడును, కాలు వేగముగా కదలదు. అనగా పడుట పెరుగును. పడినప్పుడు విరుగుట పెరుగును. రెండును ఒకే కాలమున వచ్చును.

మన దేశములో స్త్రీలకు ముట్లు సగటున 46, 47 ఏండ్లకే ఆగిపోవుచున్నవి. పాశ్చాత్య దేశములలో అది 51 ప్రాంతము. మన ఆంధ్రలో ఇంకొక సంగతి ఉన్నది. దానిని మేము దాచి చెప్పదలచుకోలేదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటి మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మంది. ఏ రాష్ట్రములోను అంతకన్న ఎక్కువ లేదు. తెలంగాణ 7.7తో మన ప్రక్కనే నిలిచినది. దేశపు లెక్కలో, ఆ ఆపరేషను చేయించుకొన్నవారిలో సగముమందికి అది 37 ఏండ్లలోపే జరిగినది. ఈ కూడికలో కూర్చున్నవారిలో ఎందరున్నారో చేతులెత్తమని అడుగము. మీకు తెలియును.

కొందరికి ఆ ఆపరేషను తప్పనిసరి. కాని "పిల్లలు కలిగినారు గదా, ఇక ఆ సంచితో పనేమి" అని తీయించుకొన్నవారు కూడ ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసివేసినచో ఈస్ట్రోజెన్ ఆ దినముననే ఆగిపోవును. ముప్పది అయిదేండ్ల స్త్రీ ఎముకలకు సంబంధించినంతవరకు ఏబది ఏండ్ల స్త్రీ అగును. అండాశయములు ఉంచినను, అవి కొందరిలో ముందుగానే అలసిపోవును. కావున ఆపరేషను అయినవారు తమ కాగితములు వెదకి, ఏమేమి తీసినారో వైద్యునితో చదివించుకొనవలెను. ఈ ప్రసంగము ముసలమ్మలకని తలంచి వెనుక గుసగుసలాడుచున్న చిన్నమ్మాయిలారా, ఇది మీకే ముందు చెప్పవలసినది.

మన జిల్లాకు ఎముకల విషయములో మరియొక చరిత్ర ఉన్నది. త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగుసుకొనిపోవు వ్యాధిని మన దేశములో మొదట గుర్తించి ప్రకటించినది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు దానిని గూర్చి వ్రాసినారు. ఆనాడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు మన జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయినవి. ఆ మెట్ట ఊళ్ళ నుండి ఇటు డెల్టాకు కోడండ్రుగా వచ్చినవారు మన సంఘములలో ఉన్నారు. ఫ్లోరైడు పట్టిన ఎముక ఎక్స్‌రేలో గట్టిగా, తెల్లగా కనబడును గాని పెళుసు. వెన్ను, మోకాళ్ళు బిగిసి, తూలినప్పుడు శరీరము త్వరగా సర్దుకొనదు. అట్టివారు వైద్యునికి తమ పుట్టిన ఊరి పేరు కూడ చెప్పవలెను.

ఇప్పుడు అసలు సంగతి. మనము నిలుచున్నప్పుడు ఊరక నిలుచున్నామని అనుకొందుము. నిజమునకు శరీరము క్షణక్షణము కొద్దిగా ఊగుచు, కొద్దిగా సర్దుకొనుచు ఉండును. కండ్లు ఒక వార్త పంపును. లోపలి చెవిలోని ద్రవము ఒక వార్త పంపును. అరికాళ్ళు, చీలమండలు ఒక వార్త పంపును. ఈ మూటిని కూర్చి మెదడు కాళ్ళకు ఆజ్ఞ ఇచ్చును. ఒకటి తగ్గినచో మిగిలిన రెండు ఆదుకొనును. రెండు తగ్గినచో పడిపోవుదుము. బాత్రూములో ఎందుకు అంతమంది పడుచున్నారో ఆలోచించుడి. తలకు పోసుకొనునప్పుడు కండ్లు మూసుకొందురు. అరికాలి క్రింద నేల తడి, సబ్బు. ఒకేసారి రెండు వార్తలు తెగిపోయినవి. షుగరు వలన అరికాళ్ళు మొద్దుబారినచో మూడవది ఒక్కటే మిగులును.

ఈ సర్దుకొను శక్తి వయస్సుతో పోవుననుట నిజమే. కాని అది అభ్యాసముతో తిరిగి వచ్చునని మనలో చాలమందికి తెలియదు. చేయి తిరిగిన పని చేయి మరచును. మరల చేయించినచో మరల తిరుగును. కాళ్ళ సంగతియు అంతే.

మన అమ్మలు, అమ్మమ్మలు దీనిని వ్యాయామమని పిలువలేదు. మోకాలి లోతు బురదలో వరుసగా నిలిచి, నారు నాటుచు, వెనుకకు వెనుకకు అడుగులు వేసిరి. వెనుకకు చూడకుండ బురదలో వెనుకకు నడుచుట ఎంత కష్టమో మీ కోడండ్రను ఒకసారి దింపి చూడుడి. జానెడు వెడల్పు గట్టు మీద తల మీద గంపతో నడిచిరి. చంకన బిందె, మరియొక చేత చెంబు. పీట మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరిగి, రోలు దగ్గర కూర్చుని రుబ్బి, దినమునకు నలుబదిసార్లు నేల మీదనుండి లేచిరి. ఆడపిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడిరి. ఒంటికాలిపై గెంతుచు, వంగి బిళ్ళ తీసి, గీత త్రొక్కకుండ తిరిగి వచ్చు ఆ ఆటను మించిన సమతూకపు అభ్యాసమును ఏ ఫిజియోథెరపిస్టు కనిపెట్టగలడో మాకు తెలియదు.

ఆ కాలము గొప్పదని పొగడుట మా ఉద్దేశము కాదు. ఆ బురద పని ఎందరి నడుములు విరిచినదో చూచినవారము. మిక్సీ, గ్యాసు, ఇంటిలోనికి కొళాయి వచ్చినవి, మంచిదే. కాని వాటితోపాటు కాళ్ళకు పని పోయినది. ఆ పోయిన పనిలో ఏది కావలెనో అది వేరుగా చేసికొనవలెను.

దీనికి అడ్డుపడునది, విచిత్రముగా, ప్రేమయే. అమ్మ ఒకసారి తూలినది. ఇక కొడుకు, "నువ్వు లేవొద్దమ్మా, కూర్చో, ఏం కావాల్నో మేము తెచ్చిస్తాం" అనును. కోడలు నీళ్ళు చేతికిచ్చును. గుడికి పోవద్దు, మేడ ఎక్కవద్దు. అమ్మకును లోపల భయమే, ఆమె కూర్చుండిపోవును. రెండు నెలలు కూర్చున్నచో తొడలో ఉన్న కొంచెము బలమును పోవును. మూడవ నెలలో మంచము దిగుచు పడును. "చూచితిరా, మేము చెప్పితిమి గదా" అందురు. ఆ కూర్చొనబెట్టుటయే ఆమెను పడవేసినదని వారికి తోచదు. మేము ఎన్నో ఇండ్లలో ఈ వరుసనే చూచినాము. అమ్మను కూర్చొనబెట్టకుడి, ప్రక్కన నిలిచి లేపుడి.

ఇది మా ఊహ మాత్రమే కాదు. న్యూజిలాండు దేశములో ఒటాగో విశ్వవిద్యాలయము వారు 80 ఏండ్లు దాటిన 233 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఇంటివద్దనే కాళ్ళ బలమునకు, నిలకడకు సంబంధించిన వ్యాయామములు నేర్పినారు. వారమునకు మూడుసార్లు అరగంట, దానికి తోడు నడక. ఏడాది తరువాత ఆ జట్టువారు రెండవ జట్టుకన్న చాల తక్కువసార్లు పడిరని 1997లో ప్రకటించినారు. ఎనుబది దాటిన తరువాత మొదలుపెట్టినవారికే మేలు కలిగినది. ఇక ఏబదిలో ఉన్నవారి సంగతి చెప్పనేల? 2019లో కాక్రేన్ అను సంస్థవారు 25 దేశములలో 23,407 మంది వృద్ధులపై జరిగిన 108 పరిశోధనలను కలిపి చూచినారు. వ్యాయామము చేసినవారు పడుట నూటికి 23 వంతులు తగ్గినది. నిలకడ వ్యాయామమునకు బలము పెంచు వ్యాయామము కూడ చేర్చినచోట నూటికి 34 వంతుల వరకు తగ్గినట్లు కనబడినది. ఆ పరిశోధనలలో నాలుగింట మూడు వంతులు స్త్రీలే.

ఇందులో మీరు గుర్తుంచుకొనవలసినది ఒకటి. "మేము రోజూ నడుచుచున్నామయ్యగారూ" అని చాలమంది అందురు. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనస్సుకు మంచిది, మానవద్దు. కాని నడక ఒక్కటే పడుటను తగ్గించునని చెప్పుటకు ఆ పరిశోధకులకు చాలిన ఆధారము దొరకలేదు. సమనేల మీద తిన్నగా నడుచునప్పుడు శరీరము తూలదు. తూలనిదే సర్దుకొనుట నేర్వదు. కావున నిలకడ వ్యాయామము కొంచెము కష్టముగా, కొంచెము తూలునట్లుగా ఉండవలెను. అదే సమయమున పట్టుకొనుటకు గట్టి వస్తువు చేతికి అందునంత దగ్గర ఉండవలెను.

ముందు మీ స్థితి మీరు చూచుకొనుడి. వంటగట్టు ప్రక్కన నిలిచి, ఒక పాదమును రెండవ పాదము ముందుంచి, ముందటి మడమ వెనుకటి బొటనవ్రేలికి తగులునట్లు పెట్టుడి. చేయి వదలి మెల్లగా పది లెక్కపెట్టుడి. పది సెకండ్లు నిలువలేనిచో మీకు పడు ప్రమాదమున్నదని వైద్యులు లెక్కింతురు. భయపడవలదు. అక్కడనుండి మొదలు.

మొదటిది కుర్చీ నుండి లేచుట. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయుడి. ప్లాస్టిక్ కుర్చీ అయినచో గోడకు ఆనించుట మరింత అవసరము, అవి జారును. అంచుకు జరిగి కూర్చుని, పాదములు కొంచెము వెనుకకు లాగి, ముందుకు వంగి, చేతులు ఆన్చకుండ లేచుడి. లేచినంత మెల్లగానే కూర్చొనుడి. దబ్బున కూలబడుట కూర్చొనుట కాదు. మొదట అయిదుసార్లు, కొన్ని వారములకు పదేసి చొప్పున రెండు విడతలు. చేతులు ఆన్చక లేవలేనివారు ఆన్చియే లేచుడి; నెల తిరుగునప్పటికి ఒక చేయి చాలును. తొడ బలమునకు దీనిని మించినది లేదు. ఒక్కటే చేయగలమనువారు దీనినే చేయుడి.

తరువాత వంటగట్టు పట్టుకొని మడమలెత్తి మునివ్రేళ్ళపై నిలుచుట, దించుట. పిమ్మట మునివ్రేళ్ళు ఎత్తి మడమలపై నిలుచుట. గడప తగిలి బోర్లపడువారికి ఈ రెండవది ముఖ్యము, ఏలయనగా కాలి ముందు భాగము లేవకనే గడప తగులును. అన్నము ఉడుకు లోపల పదిపదిసార్లు అయిపోవును.

ఇక ఒంటికాలిపై నిలుచుట. మన పొలములో కొంగ ఎట్లు నిలుచునో అట్లు. గట్టును రెండు చేతులతో పట్టుకొని ఒక కాలు ఎత్తుడి. పది లెక్కపెట్టి దించి, రెండవ కాలు. తేలికైనప్పుడు ఒక చేయి విడువుడి. అదియు తేలికైనప్పుడు ఒక్క వ్రేలు ఆన్చుడి. చివరకు చేయి గట్టుకు పైన గాలిలో ఉంచి నిలువుడి. ఒక కాలు బాగుగ నిలిచి, రెండవది నిలువకపోవచ్చును. నిలువని కాలికే ఎక్కువ అభ్యాసము ఇయ్యవలెను. మనమందరము నిలుచు కాలినే చూపించుకొందుము.

పిదప నడకలు. గోడ వెంబడి, మడమకు బొటనవ్రేలు తగిలించుచు పది అడుగులు, పొలము గట్టు మీద నడిచినట్లు. గట్టు పట్టుకొని ప్రక్కకు అడుగులు, అటు పది, ఇటు పది. బాగుగ అలవాటైన తరువాత, ప్రక్కన ఒకరు ఉండగా, వెనుకకు అడుగులు. నాట్లు వేసిన తల్లులకు ఇది నేర్పనక్కరలేదు. రెండు బిందెలు నేలపై దూరముగా పెట్టి, వాటి చుట్టు ఎనిమిది అంకె ఆకారములో తిరుగుడి. తిరుగునప్పుడే మనము పడుదుము గనుక తిరుగుట నేర్వవలెను. కోలాటము తెలిసినవారు కోలాటము వేయుడి. ప్రక్కకు అడుగు, తిరుగుట, బరువు ఒక కాలి నుండి మరియొక కాలికి మార్చుట అన్నియు అందులో ఉన్నవి.

ఎంతసేపు? వారమునకు మొత్తము మూడు గంటలు చేసినవారికి మేలు ఎక్కువగా కనబడినదని పరిశోధకులు చెప్పుచున్నారు. అనగా ఆరు దినములు అరగంట. ఒకేసారి కానక్కరలేదు, ఉదయము పది నిమిషములు, వంట దగ్గర పది, సాయంత్రము సీరియల్ ప్రకటనల సమయములో పది. సీరియల్ చూడవద్దని మేము చెప్పము, చెప్పినను వినరు. కాని ప్రకటన వచ్చినప్పుడు లేచుడి. మూడు నెలలు చేసి మానినచో మేలు కూడ మెల్లగా మానును. ఇది కోర్సు మందు కాదు, ఉప్పు వంటిది; ప్రతిదినము కావలెను.

జాగ్రత్తలు కొన్ని. నిలుచున్నప్పుడు తల తిరుగువారు, ఇటీవల ఎముక విరిగినవారు, వెన్నుపూస నలిగినదని వైద్యుడు చెప్పినవారు, ముందు వైద్యుని అడిగి చేయుడి. వెన్నుపూస నలిగినవారు ముందుకు వంగి పాదములు అందుకొను వ్యాయామములు, నడుము మెలిత్రిప్పు వ్యాయామములు చేయరాదు. బి.పి. మాత్రలు, నిద్ర మాత్రలు వాడువారు మంచము మీదనుండి ఒక్కసారిగా లేవరాదు. కాళ్ళు క్రిందికి వ్రేలాడదీసి, ఇరువది లెక్కపెట్టి లేవవలెను. మాత్రలు మొదలుపెట్టిన తరువాత తూలుచున్నచో మీ అంతట మీరు మానక వైద్యునికి చెప్పుడి. కంటి శుక్లములు ముదరనిచ్చి కూర్చొనవద్దు.

ఎముకకు ఎండ కూడ కావలెను. 2005లో తిరుపతిలో ముట్లు ఆగిన స్త్రీల రక్తము పరీక్షించి చూడగా, పదిమందిలో ఎనిమిదిమందికి విటమిన్ డి చాలినంత లేదని తేలినది. ఇంత ఎండ కాయు దేశములో! రాగిసంకటి, పాలు, ముల్లుతో తిను నెత్తళ్ళు మంచివి. ఆహారమును గూర్చి మరియొక కూడికలో ఎవరైన తెలిసినవారిచేత చెప్పింతుము.

సహోదరులారా, మీతో ఒక మాట. ఇంటిలో నున్నని టైల్సు వేయించినది మీరే. గృహప్రతిష్ఠనాడు అద్దమువలె మెరిసినవి, అందరు మెచ్చుకొన్నారు. తడిసినప్పుడు వాటిపై మీ అమ్మ ఎట్లు నడుచుచున్నదో చూచితిరా? బాత్రూములో గరుకు టైల్సు వేయింపుడి. అది కానిచో గరుకు పట్టా పరచుడి. గోడకు, పట్టుకొనుటకు ఒక స్టీలు కమ్మి బిగింపుడి. పుట్టినరోజు ఫ్లెక్సీకి పెట్టు ఖర్చుతో రెండు కమ్ములు వచ్చును. తువాలు తగిలించు కడ్డీ ఆ పని చేయదు, అది ఊడి చేతికి వచ్చును. మంచము నుండి బాత్రూము వరకు రాత్రంతయు చిన్న దీపము వెలుగనిండు. కరెంటు పోయినప్పుడు చేతికందునట్లు టార్చి ఉంచుడి. అరిగిపోయిన రబ్బరు చెప్పులు పారవేయుడి. అటక మీది సామాను దింపుటకు అమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కుచున్నచో తప్పు ఆమెది కాదు. ఆ సామాను అక్కడ పెట్టినవారిది. మోటారు సైకిలు మీద ఆమెను ఒక ప్రక్కకు కూర్చొనబెట్టుకొని పోవునప్పుడు స్పీడు బ్రేకరు దగ్గర ఆగినంత పని చేయుడి.

సంఘముగా మేము రెండు పనులు తలపెట్టినాము. గుడి మెట్లకు ఒక ప్రక్క కమ్మి వేయింపవలెనని కమిటీ ముందు ఉంచినాము. కీర్తనలు పాడునప్పుడు లేచి నిలుచుటకు కష్టమైన తల్లులకు ముందు వరుసలో చేతుల కుర్చీలు వేయింతుము. కాని చాప మీద కూర్చుని లేవగలవారు ఆ కుర్చీలకు ఆశపడవద్దు. నేల మీదనుండి లేచు శక్తి ఒకసారి పోయినచో తిరిగి తెచ్చుకొనుట కష్టము. మోకాళ్ళూని ప్రార్థించి లేచుట కూడ తొడలకు మంచి అభ్యాసమే. మోకాళ్ళు నొప్పి లేనివారు మానవద్దు.

ఇంత చేసినను కొందరు పడుదురు. నూటికి 23 వంతులు తగ్గినవనగా 77 మిగిలియున్నవి. పడినప్పుడు ఏమి చేయవలెనో కూడ తెలిసియుండవలెను. వెంటనే లేవవద్దు, ఎవరును గబగబ లేపవద్దు. నిమిషము అట్లే ఉండి, ఎక్కడ నొప్పియో చూచుకొనుడి. కాలు కదిలింపలేనిచో, లేక ఒక కాలు పొట్టిగా అయి పాదము బయటికి తిరిగియున్నచో, తుంటి విరిగియుండవచ్చును. కదల్పక 108కి ఫోను చేయుడి. నూనె రాసి మర్దన చేయరాదు. మన ప్రాంతమువారికి పుత్తూరు కట్టు మీద నమ్మకము ఎక్కువ. వృద్ధురాలి తుంటి విరిగినచో మాత్రము కట్టుతో మంచమున పరుండబెట్టుట ప్రమాదము. పుండ్లు పడును, ఊపిరితిత్తులకు నెమ్ము చేరును. ఒకటి రెండు దినములలోనే ఆపరేషను చేసి త్వరగా నిలువబెట్టుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. ఒకసారి ఏ చిన్న ఎముకయైనను విరిగినచో, అది అతికినదని ఊరుకొనక, ఎముకల బలము పరీక్ష చేయించుకొనుడి. రెండవసారి విరుగకుండ మందులు ఉన్నవి.

ఏ నొప్పియు లేనిచో లేచు విధము ఇది. ఒక ప్రక్కకు దొర్లుడి. చేతులపై లేచి మోకాళ్ళ మీదికి రండి. ప్రాకుచు మంచము దగ్గరకో, కుర్చీ దగ్గరకో పొండి. దానిపై రెండు చేతులు ఆనించి, బలమైన కాలి పాదమును ముందు నేలపై పెట్టి, దానిపై బరువు వేసి లేచుడి. లేచి వెంటనే నడువక, దాని మీదనే కూర్చొనుడి. పడకమునుపే దీనిని చాప మీద ఒకరిద్దరి సాయముతో నాలుగుసార్లు చేసి చూచుకొన్నవారికి, పడినప్పుడు గాభరా ఉండదు.

మా మాటలు ఇంతటితో చాలించుచున్నాము. ఆశీర్వాదమునకు ముందు ఇంకను పావుగంట సమయమున్నది. సహోదరులారా, ఆ కుర్చీలను తెచ్చి గోడకు ఆనించుడి. పట్టుకొనుటకు కుర్చీ వీపు అందునట్లు తల్లులు ఒక్కొక్క కుర్చీ వెనుక నిలువుడి, మడమలెత్తుటతో మొదలుపెట్టుదము.